ఎనిమిదేళ్లు నిండలేదు, అప్పుడేనా? పాప గురించి చాలా టెన్షన్‌గా ఉంది

కృష్ణవేణి_బెజవాడ | జూన్ 9, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని, రాయడం ఇదే మొదలు. మా పాపకి ఏడేళ్ల ఎనిమిది నెలలు. మొన్న ఆదివారం తలంటు పోస్తుంటే ఎడమవైపు ఛాతీ మీద చెయ్యి తగిలి "అమ్మా, నొప్పి" అంది. చూస్తే చనుమొన కింద కుంకుడు గింజంత గట్టిగా ఏదో ఉంది. కుడివైపు ఏమీ లేదు. ఒకవైపే గడ్డ అంటే ముందు ఏం గుర్తొస్తుందో మీకు తెలుసు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

మా అత్తగారు చూసి, "గడ్డ కాదే పిచ్చిదానా, పిల్ల ఎదుగుతోంది" అన్నారు. దాంతో ఒక భయం పోయి ఇంకోటి పట్టుకుంది. నేను పద్నాలుగో ఏట పెద్దమనిషినయ్యాను. దీనికి ఇంకా పాలపళ్లే పూర్తిగా ఊడలేదు. కుందేలు బొమ్మ పక్కన లేకపోతే నిద్రపోదు. వచ్చే ఏడాదికే అవుతుందా? ఆడపడుచు ఫోన్ చేసి చికెన్ మానిపించమంది. మావారేమో "ఈ కాలం పిల్లలంతా అంతేలే" అని పేపర్లో తల దూర్చారు. ఎవరి మాట వినాలో అర్థం కావట్లేదు.

నీలాటిరేవు | జూన్ 9, రాత్రి 11:48

కంగారు పడకండి కృష్ణవేణి గారూ. మా పెద్దదానికీ ఒకవైపే మొదలైంది. నాలుగు నెలలకి రెండోవైపు వచ్చింది. కాకపోతే దానికి అప్పుడు తొమ్మిదిన్నర. ఏడేళ్లంటే మాత్రం ఒకసారి చూపించండి.

డాక్టర్‌బాబాయ్_కర్నూలు | జూన్ 10, ఉదయం 6:15

ముందు ఒక్క మాట అమ్మా. ఆ గట్టిదాన్ని పదేపదే నొక్కి చూడొద్దు. ఎవరైనా "చిన్న ఆపరేషన్, తీసేద్దాం" అంటే అసలు ఒప్పుకోవద్దు. అది రొమ్ము మొగ్గ. తీసేస్తే ఆ వైపు జన్మలో రొమ్ము రాదు. ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో అలా పోగొట్టుకున్న అమ్మాయిని ఒకరిని చూశాను, అందుకే ముందే చెబుతున్నా. ఒకవైపు ముందు, కొన్ని నెలలకి రెండోవైపు రావడం మామూలే.

ఇక వయసు సంగతి. ఆడపిల్లల్లో ఈ మొగ్గ ఎనిమిది నుంచి పదమూడేళ్ల మధ్య ఎప్పుడు కనిపించినా సహజమే. అదే మొదటి గుర్తు. తర్వాత వెంట్రుకలు, ఆ తర్వాత ఒక్కసారిగా పొడవు పెరగడం, నెలసరి చివర్లో. మొగ్గ కనిపించిన రోజు నుంచి నెలసరికి సుమారు రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. మన ఇళ్లలో నెలసరినే మొదలు అనుకుంటాం. నిజానికి అప్పటికి కథ ముప్పావు వంతు అయిపోయి ఉంటుంది. ఆ తర్వాత అమ్మాయి పెరిగేది ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లే.

మగపిల్లల్లో తొమ్మిది నుంచి పద్నాలుగు. వాళ్లకి మొదటి గుర్తు మీసమూ కాదు, గొంతు మారడమూ కాదు. వృషణాల పరిమాణం పెరగడం. దాన్ని కొలవడానికి మా దగ్గర పూసల దండ ఒకటి ఉంటుంది. జ్యూరిచ్‌లో ప్రేడర్ అనే డాక్టరు చేసింది. 1 మిల్లీలీటరు పూస నుంచి 25 దాకా వరసగా గుచ్చి ఉంటాయి. 4కి చేరితే మొదలైనట్టు. పిల్లలు దాన్ని జపమాల అనుకుంటారు.

ఈ దశలన్నీ ఐదుగా విడగొట్టినవాళ్లు ఇంగ్లండ్‌లో టానర్, మార్షల్. హార్పెండెన్ అనే ఊళ్లో అనాథ పిల్లల ఆశ్రమంలో పెరుగుతున్న పిల్లల్ని ఏళ్ల తరబడి ఫోటోలు తీసి 1969లో ఆడపిల్లల గురించి, 1970లో మగపిల్లల గురించి రాశారు. ఈ రోజుల్లో అలా ఫోటోలు తీస్తామంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. కానీ కర్నూల్లో నేను కేసు షీటు మీద రాసే "టానర్ 2", అంటే రెండో దశ, అక్కడిదే.

మీ పాపకి ఎనిమిది నిండలేదు కాబట్టి పరీక్ష అవసరమే. కాకపోతే ఎనిమిదికి నాలుగు నెలలు తక్కువ, అంతే. నాకు వయసు కంటే వేగం ముఖ్యం. గత రెండేళ్లలో పొడవు ఎంత పెరిగింది? ఎక్కడైనా రాసి పెట్టారా? తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం ఉన్నాయా? ఇంట్లో ఎవరైనా హార్మోన్ క్రీములో జెల్లులో వాడుతున్నారా?

కృష్ణవేణి_బెజవాడ | జూన్ 10, ఉదయం 9:02

బాబాయ్ గారూ, మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలీదు. తలనొప్పులు ఏమీ లేవు. క్రీములూ లేవు. పొడవు రాయలేదు కానీ... ప్రతి పుట్టినరోజుకీ బీరువా పక్కన నిలబెట్టి పెన్సిల్‌తో గీత పెడతాం. ఇల్లు మారినా బీరువా అదే. ఇప్పుడే టేపుతో కొలిచా. ఆరో పుట్టినరోజుకి 115.5 సెం.మీ. ఏడుకి 121. ఈ రోజు 125.

లెక్కల మాస్టారు | జూన్ 10, ఉదయం 9:30

ఏడు నుంచి ఇప్పటికి ఎనిమిది నెలల్లో 4 సెం.మీ. అంటే ఏడాదికి 6. అంతకుముందు ఏడాది 5.5. పెద్ద తేడా ఏమీ కనపడలేదు నాకు. డాక్టరుగారు సరిచూడగలరు.

డాక్టర్‌బాబాయ్_కర్నూలు | జూన్ 10, మధ్యాహ్నం 2:10

మాస్టారి లెక్క కరెక్టు. ఈ వయసులో ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు మామూలు. యవ్వనం ఊపందుకుంటే ఏడు, ఎనిమిది, తొమ్మిదికి పోతుంది. ఆ బీరువా గీతలు ఫోటో తీసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వెయ్యి రూపాయల రక్త పరీక్ష కంటే విలువైనవి. సగం మంది తల్లిదండ్రులు ఉట్టి చేతులతో వచ్చి "ఈ మధ్య బాగా ఎదిగింది సార్" అంటారు. బాగా అంటే ఎంతో నాకెలా తెలుస్తుంది?

అత్తాకోడళ్లు | జూన్ 10, సాయంత్రం 5:40

ఎవరేమన్నా అనుకోండి, నేను మాత్రం బ్రాయిలర్ కోడి, ప్యాకెట్ పాలే కారణం అంటాను. కోళ్లకి హార్మోన్ ఇంజెక్షన్లు, గేదెలకి ఇంజెక్షన్లు. మా అమ్మమ్మ కాలంలో నాటుకోడి తిన్నారు, పదిహేనేళ్లకి పెద్దమనుషులయ్యారు.

షాద్‌నగర్ ఫారం | జూన్ 10, రాత్రి 8:05

అమ్మా, నాకు పదివేల కోళ్ల షెడ్డు ఉంది. ఒక్కోదాన్ని పట్టుకుని ఇంజెక్షన్ చెయ్యాలంటే ఎంతమంది కూలీలు కావాలో మీరే చెప్పండి. మేత ధరకే ప్రాణం పోతుంటే హార్మోన్లు ఎవరు కొంటారు? నలభై రోజుల్లో రెండు కేజీలు రావడం జాతి వల్ల, మేత వల్ల. ఇదే మేత నాటుకోడికి పెట్టినా ఆ బరువు రాదు. యాంటీబయాటిక్స్ గురించి అడగండి, అక్కడ మా వాళ్ల తప్పు ఉంది, ఒప్పుకుంటా. కానీ అది వేరే గొడవ.

డాక్టర్‌బాబాయ్_కర్నూలు | జూన్ 10, రాత్రి 10:30

గేదెకి ఇచ్చేది ఆక్సిటోసిన్. పాలు చేపడానికి. అది పశువుకి హింస, చట్టం ఒప్పుకోదు. కానీ అది యవ్వనాన్ని తెచ్చే హార్మోన్ కాదు. పైగా ప్రొటీన్ ముక్క లాంటిది, కడుపులోకి వెళ్తే జీర్ణమైపోతుంది.

అమ్మమ్మల కాలం సంగతి మాత్రం నిజం. యూరప్‌లో కూడా పందొమ్మిదో శతాబ్దం నడుమ పదహారు, పదిహేడేళ్లకి మొదటి నెలసరి వచ్చేది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకి పదమూడుకి దిగింది. అప్పటికి బ్రాయిలర్లు ఎక్కడివి? తిండి దొరికింది, జబ్బులు తగ్గాయి. ఒంట్లో కొవ్వు ఒక మోతాదుకి చేరితే లెప్టిన్ అనే హార్మోన్ మెదడుకి "సరుకు సిద్ధం" అని కబురు పెడుతుంది. అందుకే బొద్దుగా ఉండే ఆడపిల్లల్లో కొంచెం ముందే మొదలవుతుంది. కాబట్టి చికెన్ కాదు, దాని పక్కన పెట్టే కూల్‌డ్రింకూ, చిప్సూ, సాయంత్రమంతా సోఫానూ చూడండి. 2020 లాక్‌డౌన్‌లో ఇటలీ డాక్టర్లు, తర్వాత మన పుణె వాళ్లూ ఇలాంటి కేసులు పెరిగాయని రాశారు.

ఇంకో వింత. 1991లో స్వీడన్ డాక్టర్లు మన దేశం నుంచి అక్కడికి దత్తత వెళ్లిన 107 మంది ఆడపిల్లల గురించి రాశారు. సగం మంది 11.6 ఏళ్లలోపే పెద్దమనుషులయ్యారు. ఒక పిల్లకైతే 7.3 ఏళ్లకే. ఆకలిలో పుట్టి ఒక్కసారిగా పుష్కలమైన తిండిలోకి వెళ్లడం వల్ల కావచ్చని వాళ్ల అనుమానం.

డాలస్ పిన్ని | జూన్ 11, తెల్లవారుజామున 4:50

ఇక్కడ 1997లో పదిహేడు వేల మంది ఆడపిల్లల్ని చూసి తెల్లపిల్లల్లో సగటున పదేళ్లకి, నల్లజాతి పిల్లల్లో తొమ్మిదికి కాస్త ముందే మొదలవుతోందని తేల్చారట. మా పాప పీడియాట్రీషియన్ చెప్పింది. అప్పట్నుంచి "ఎనిమిది అనే గీత జరపాలా వద్దా" అని వీళ్లలో వీళ్లకే వాదన. మా కజిన్ కూతురికి ఏడున్నరకి కనిపిస్తే ఆరు నెలలు చూద్దాం అన్నారు. ఆగిపోయింది. ఇప్పుడు దానికి పదకొండు, మామూలుగానే ఉంది.

సరళ_ఓరుగల్లు | జూన్ 11, ఉదయం 10:15

అందరివీ ఆగిపోవు పిన్నీ. మా అనుభవం చెబుతా, భయపెట్టడానికి కాదు.

మా అమ్మాయికి ఆరేళ్లకే రెండువైపులా వచ్చాయి. ఒక్క ఏడాదిలో 9 సెంటీమీటర్లు పెరిగింది. ఫ్యామిలీ అంతా "మా పిల్ల హీరోయిన్ హైటు" అని మురిసిపోయాం. ఎడమ చెయ్యి ఎక్స్‌రే తీసి బోన్ ఏజ్ చూశారు. ఆరేళ్ల పిల్లకి తొమ్మిదేళ్ల ఎముకలు. డాక్టరమ్మ ఆ ఫిల్మ్‌ని లైటు ముందు పెట్టి, వేళ్ల కణుపుల దగ్గర సన్నటి నల్లగీతలు చూపించింది. "ఈ సందులు ఉన్నంతవరకే పొడవు. మీ పాపకి ఇవి తొందరగా పూడుకుపోతున్నాయి. ఇప్పుడు క్లాసులో అందరికంటే పొడుగు, పదో తరగతికి అందరికంటే పొట్టి" అంది. అప్పుడు దిగింది మాకు.

తర్వాత ఒక రోజంతా హాస్పిటల్లో స్టిమ్యులేషన్ టెస్టు. ఒక ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ మళ్లీ రక్తం తీశారు. ఎల్‌హెచ్ అనే హార్మోన్ 5 దాటితే మెదడు నుంచి మొదలైనట్టట. దీనికి 14 వచ్చింది. మెదడు ఎంఆర్ఐ తీశారు, దేవుడి దయ, ఏమీ లేదు. తర్వాత యవ్వనాన్ని ఆపి ఉంచడానికి 28 రోజులకో ఇంజెక్షన్. ఏడాది తర్వాత మూడు నెలలకొకటి ఇచ్చేది వాడాం. మొదటి ఇంజెక్షన్ అయిన రెండు వారాలకి కొంచెం బ్లీడింగ్ అయింది. అలా అవ్వొచ్చని మాకెవరూ ముందే చెప్పలేదు. ఆరేళ్ల పిల్ల బాత్రూంలో అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పదకొండు నిండాక ఆపారు. పన్నెండేళ్ల మూడు నెలలకి పెద్దమనిషయింది. ఇప్పుడు 156 ఉంది. చుట్టాలు మాత్రం "ఇంజెక్షన్లేస్తే రేపు పిల్లలు పుట్టరట" అని చెవి కొరుకుతూనే ఉన్నారు.

డాక్టర్‌బాబాయ్_కర్నూలు | జూన్ 11, మధ్యాహ్నం 1:45

సరళమ్మా, పుడతారు. ఆ మందులు 1980ల మొదట్నుంచీ వాడుతున్నారు. అప్పటి పిల్లలు ఇప్పుడు తల్లులు. పని చేసే తీరు చిత్రంగా ఉంటుంది. మెదడులో హైపోథలామస్ గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి గంట కొట్టినట్టు హార్మోన్ వదులుతుంది, అది విని దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి లేస్తుంది. ఈ ఇంజెక్షన్ ఆ గంటని ఆపకుండా మోగిస్తుంది. ఆగకుండా మోగే గంటని ఎవరు వింటారు? పిట్యూటరీ నిద్రపోతుంది. మందు ఆపాక ఏడాది, ఏడాదిన్నరలో నెలసరి వస్తుంది. ఆ మొదటి బ్లీడింగ్ కూడా ఇందుకే. నిద్రపోయే ముందు ఒకసారి ఉలిక్కిపడి, తర్వాత హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ముందే చెప్పకపోవడం మాత్రం వాళ్ల తప్పు.

ఆ గంటని తట్టి లేపే పదార్థం పేరు కిస్‌పెప్టిన్. దాని జన్యువు 1996లో అమెరికాలో హెర్షీ అనే ఊళ్లో దొరికింది. ఆ ఊరి కిస్సెస్ చాక్లెట్ పేరే పెట్టారు. దానికీ యవ్వనానికీ సంబంధం ఉందని 2003లో గానీ తెలియలేదు.

శీను_సిద్దిపేట | జూన్ 11, రాత్రి 9:55

డాక్టర్ సార్, మగపిల్లల గురించి అడగొచ్చా? మా బాబుకు ఏడున్నర. క్లాసులో అందరికన్నా ఎత్తు. చెమట పెద్దోళ్ల లెక్క వాసన. మొహం మీద మొటిమలు. కింద వెంట్రుకలు వచ్చినయి, అంగం కూడా పెద్దగనే ఉంది. మా నాయిన "పహిల్వాన్ అయితడు" అని సంబరపడుతున్నడు. ఈ థ్రెడ్ చదివినంక నాకు పరేషాన్ మొదలైంది. మాది మేనరికం. నా మేనత్త బిడ్డనే చేసుకున్న.

డాక్టర్‌బాబాయ్_కర్నూలు | జూన్ 11, రాత్రి 10:20

శీనూ, ఈ వారంలోనే పిల్లల హార్మోన్ల డాక్టరుకి (ఎండోక్రైనాలజిస్ట్‌కి) చూపించు. వాయిదా వెయ్యొద్దు. ఆడపిల్లల్లో తొందరగా మొదలైతే ఎక్కువమందికి కారణం దొరకదు, ప్రమాదమూ ఉండదు. మగపిల్లల్లో అలా కాదు, వెనక ఏదో ఒకటి ఉండే అవకాశం చాలా ఎక్కువ.

డాక్టరు మొదట చూసేది వృషణాలు. అవి కూడా పెరిగితే మెదడు నుంచి వచ్చిందని, ఎంఆర్ఐ తప్పదు. అవి చిన్నగానే ఉండి మిగతావన్నీ పెరిగితే, మగ హార్మోన్ వేరే చోటు నుంచి వస్తున్నట్టు. ఎక్కువగా కిడ్నీల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి. ఇంట్లో ఎవరైనా టెస్టోస్టెరాన్ జెల్ రాసుకుంటున్నారా అని కూడా అడుగుతారు. అది పిల్లాడి ఒంటికి అంటుకున్నా ఇలాగే అవుతుంది.

రాజేష్99 | జూన్ 11, రాత్రి 10:41

[ఈ పోస్టు తొలగించబడింది]

మోడరేటర్ | జూన్ 11, రాత్రి 10:50

"ఫోటో పంపండి, చూసి చెబుతా" అన్న సభ్యుణ్ని బ్లాక్ చేశాం. అందరికీ ఒకటే మాట. పిల్లల ఫోటోలు ఇక్కడ పెట్టొద్దు. పర్సనల్ మెసేజ్‌లో కూడా ఎవరికీ పంపొద్దు, డాక్టరునని చెప్పుకున్నా సరే.

డాక్టర్‌బాబాయ్_కర్నూలు | జూన్ 11, రాత్రి 10:58

మంచి పని చేశారు. నాకు కూడా పంపొద్దు.

నీలాటిరేవు | జూన్ 14, ఉదయం 7:30

మధ్యలో నాదొక చిన్న డౌటు. మా బాబుకి పదమూడు. వాడికి ఒకవైపు ఛాతీ ఉబ్బింది. స్విమ్మింగ్ మానేశాడు, చొక్కా విప్పడు. వీడికేంటి మరి?

డాక్టర్‌బాబాయ్_కర్నూలు | జూన్ 14, ఉదయం 8:00

యవ్వనం నడుమ సుమారు సగం మంది అబ్బాయిలకి వస్తుందది. ఏడాది రెండేళ్లలో అదే పోతుంది. వాడికి ఈ ముక్క వాళ్ల నాన్న చేత చెప్పించండి, మీరు చెబితే ఇంకా ముడుచుకుపోతాడు.

శీను_సిద్దిపేట | జూన్ 27, రాత్రి 8:15

సార్, మీరు చెప్పిందే అయింది. వృషణాలు చిన్నగనే ఉన్నయట. 17 ఓహెచ్ ప్రొజెస్టిరాన్ అనే టెస్టు చాలా ఎక్కువ వచ్చింది. సీఏహెచ్ అన్నరు, అడ్రినల్ గ్రంథుల జబ్బట. పుట్టుకతోనే ఉన్నది, మాకు తెలువలేదు. ఎక్స్‌రేల ఎముకల వయసు పన్నెండు. రోజుకు మూడు సార్లు హైడ్రోకార్టిసోన్ గోలీలు రాసిన్రు. జ్వరమొస్తే డోసు పెంచాలె, ఎన్నడూ మధ్యల బంద్ చెయ్యొద్దన్నరు. చిన్న పాపకు కూడా టెస్టు చేయించమన్నరు. మా నాయిన రెండు రోజులైంది, ఎవరితోని మాట్లాడుతలేడు.

డాక్టర్‌బాబాయ్_కర్నూలు | జూన్ 27, రాత్రి 9:30

పెద్దాయనతో చెప్పు, ఆయన తప్పేం లేదు. తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి దాగున్న జన్యులోపాలు రెండూ కలిసినప్పుడే ఇది బయటపడుతుంది. ఒకే కుటుంబంలో చేసుకుంటే కలిసే అవకాశం ఎక్కువ. అలా ఇద్దరిలోనూ దాగుంటే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు. ఈ జబ్బుతో ఆడపిల్ల పుడితే మర్మాంగం తేడాగా ఉండి చాలాసార్లు పుట్టినప్పుడే తెలుస్తుంది. మగపిల్లాడు మామూలుగానే కనిపిస్తాడు, అందుకే ఇలా ఏడేళ్లు దాటాక దొరుకుతాడు. ఇంకొకటి గుర్తుపెట్టుకో. ఎముకలు అంత ముదిరాక, గోలీలతో అడ్రినల్ అదుపులోకి రాగానే మెదడు గంట నిజంగానే మోగడం మొదలుపెట్టొచ్చు. అప్పుడు సరళమ్మ వాళ్ల అమ్మాయికి ఇచ్చిన ఇంజెక్షనే వీడికీ ఇస్తారు. చెకప్‌లు మానొద్దు.

కృష్ణవేణి_బెజవాడ | జూలై 2, మధ్యాహ్నం 3:20

శీను అన్నయ్యా, బాబు జాగ్రత్త.

మా సంగతి. బోన్ ఏజ్ ఎనిమిదేళ్ల పది నెలలు వచ్చింది. ఏడాది ముందుంది, కంగారు లేదన్నారు. ఎల్‌హెచ్ 0.1 కంటే తక్కువ. థైరాయిడ్ నార్మల్. స్కాన్‌లో గర్భసంచి చిన్నపిల్లలకి ఉన్నట్టే ఉంది. బీరువా ఫోటో చూసి డాక్టరుగారు నవ్వి, ఐఏపీ (మన దేశ పిల్లల డాక్టర్ల సంఘం) ఎదుగుదల చార్టు మీద ఆ మూడు చుక్కలూ పెట్టారు. మందులేమీ వద్దు, మూడు నెలలకోసారి రండి, పొడవు ఒకే గోడ దగ్గర, ఉదయం పూటే కొలవండి అన్నారు.

లెక్కల మాస్టారు | జూలై 2, సాయంత్రం 6:00

మీ హైటు, వారి హైటు చెప్పండమ్మా.

కృష్ణవేణి_బెజవాడ | జూలై 2, సాయంత్రం 6:25

నేను 154, ఆయన 170.

లెక్కల మాస్టారు | జూలై 2, సాయంత్రం 6:31

కలిపి 13 తీసేసి రెండుతో భాగిస్తే 155.5. ఆడపిల్లకి అంచనా అదీ. అటూ ఇటూ ఉండొచ్చు. మగపిల్లాడికైతే 13 కలపాలి. డాక్టర్ల దగ్గర నేర్చుకున్న లెక్కే, నా సొంతం కాదు.

కృష్ణవేణి_బెజవాడ | అక్టోబర్ 6, రాత్రి 10:05

మూడు నెలల చెకప్ అయింది. 126.5. కుడివైపు కూడా కొంచెం వచ్చింది, అంతకు మించి ఏమీ లేదు. మెల్లగా నడిచే రకం అన్నారు. మళ్లీ జనవరిలో.

కానీ ఇంట్లో ఇంకో గొడవ. విషయం ఎలా పాకిందో పాకింది. మా అత్తగారు, "ఎప్పుడైనా సరే, అయిన రోజు చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి పెట్టాల్సిందే, మేనమామ చీర తేవాల్సిందే" అంటున్నారు. మా తమ్ముడు అప్పుడే ఫంక్షన్ హాలు మాట ఎత్తాడు. తొమ్మిదేళ్ల పిల్లకి ఫ్లెక్సీ వేయించి వీధంతా చాటింపు వేస్తారా అని నేను.

అత్తాకోడళ్లు | అక్టోబర్ 6, రాత్రి 10:30

చిమ్మిలిలో తప్పేముందమ్మా? నువ్వులూ బెల్లమూ పిల్లకి బలమేగా. నాలుగ్గోడల మధ్య హారతిచ్చి అక్షింతలు వెయ్యండి చాలు. ఫ్లెక్సీ మాత్రం నాకూ నచ్చదు.

సరళ_ఓరుగల్లు | అక్టోబర్ 7, ఉదయం 9:10

మేము చెయ్యలేదు. మా అమ్మాయే "వద్దమ్మా, స్కూల్లో అబ్బాయిలు ఏడిపిస్తారు" అంది. దాన్ని అడగండి.

కృష్ణవేణి_బెజవాడ | అక్టోబర్ 7, రాత్రి 9:40

అడిగా. దానికి ఫంక్షన్ గురించి ఏమీ తెలీదు, "గౌను కొంటారా" అంది. తర్వాత చాలాసేపు ఆలోచించి, "స్కూల్లో వస్తే ఎవరికి చెప్పాలి? మా మిస్‌కి చెప్తే అందరి ముందూ అడుగుతుందేమో" అంది. దీనికేం చెప్పాలో నాకు తోచలేదు.

పంతులమ్మ_చీపురుపల్లి | అక్టోబర్ 7, రాత్రి 10:12

నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. మీరే ముందు వెళ్లి వాళ్ల మిస్‌తో విడిగా మాట్లాడండి. మా స్కూల్లో నాలుగో తరగతి పాప ఒకతె ఉంది. "మిస్, నీళ్లు తాగి వస్తా" అంటే అదన్నమాట, మా ఇద్దరికీ మధ్య గుర్తు. బ్యాగు పక్క జేబులో జామెట్రీ బాక్సు సైజు గుడ్డ సంచి ఒకటి కుట్టి పెట్టండి. ఒక ప్యాడు, ఒక డ్రాయరు, పాత పేపరు ముక్క. ప్యాడు ఎలా పెట్టుకోవాలో ఇంట్లో నాలుగుసార్లు అలవాటు చెయ్యండి, కుందేలు బొమ్మకి పెట్టించినా సరే.

కృష్ణవేణి_బెజవాడ | అక్టోబర్ 8, రాత్రి 9:55

కుందేలుకే పెట్టించా. తోక అడ్డమొస్తోందని ఒకటే నవ్వు.